ఇంజన్ మార్పిడి డైరీ: 84 వైర్ల నుంచి 50 వైర్లకు

మౌంటింగులు, గేర్‌బాక్స్ అడాప్టర్, ఎగ్జాస్ట్ పనుల గురించి ఇక్కడ రాయడం లేదు. ఇంజన్ కారులో కూర్చున్న రోజు నుంచి అది నమ్మకంగా నడిచే వరకు వైరింగ్ మీద, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మీద ఖర్చయిన 132 గంటల లెక్క ఇది. అందులో దాదాపు సగం నా తప్పులను నేను దిద్దుకోవడానికే పోయింది కాబట్టి, ఆ తప్పులనే ఎక్కువ వివరంగా రాశాను.

కారు కార్బురేటరుతో, డిస్ట్రిబ్యూటరుతో నడిచిన పాత రియర్ వీల్ డ్రైవ్ సెడాన్. ఇంజన్ ఫోక్స్‌వాగన్, ఆడి కార్లలో వచ్చిన 1.8 లీటర్ల, 20 వాల్వుల టర్బో పెట్రోల్ రకం. దానితో పాటు బాష్ ఎంఈ7.5 ఈసీయూ, ఎక్కడికక్కడ కోసేసిన హార్నెస్ (వైర్ల కట్ట), ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (ఇంజన్‌కు గాలి వెళ్లే దారిని మోటారుతో తెరిచి మూసే పలక), యాక్సిలరేటర్ పెడల్ వచ్చాయి. మీటర్ క్లస్టర్, తాళం చెవి రాలేదు. రాని ఆ రెండింటి విలువ నాకు నలభయ్యో గంటలో గాని తెలియలేదు.

మొదటి దశ: లెక్కపెట్టడం

ఈసీయూకు 81 పిన్నులది ఒకటి, 40 పిన్నులది ఒకటి, మొత్తం 121 పిన్నుల కనెక్టర్లు ఉన్నాయి. నా హార్నెస్‌లో వాటిలో 84 పిన్నులకే వైర్లు ఉన్నాయి. చేసిన క్రమం ఇది:

1. హార్నెస్‌ను నేల మీద పరిచి, ప్రతి వైరు రెండు కొనలనూ మల్టీమీటర్ బీప్‌తో కలిపి చూశాను.
2. పిన్ను నంబరు, రంగు, మందం, అవతలి కొన అనే నాలుగు గడులతో నోటుపుస్తకంలో పట్టిక రాశాను.
3. ఇంజన్ తిరగడానికి తప్పనిసరి, ఉద్గారాల నియంత్రణకు సంబంధించినవి, కారు బాడీకి సంబంధించినవి అని మూడు రంగుల టేపులు చుట్టాను.

తప్పనిసరివి 52, ఉద్గారాలవి 18, బాడీవి 14 తేలాయి. సెన్సర్లను కూడా ఈ దశలోనే కొలిచి పెట్టుకోవడం నేను చేసిన కొద్ది మంచి పనుల్లో ఒకటి. 21 డిగ్రీల గది వేడిలో ఇంజన్ షాఫ్టు తిరుగుడును చూసే క్రాంక్ సెన్సర్ కాయిల్ 870 ఓములు, కూలెంట్ సెన్సర్ 2,400 ఓములు చూపాయి. ఇంజక్టర్లు నాలుగూ 12, 13 ఓముల మధ్య ఉన్నాయి, అంటే ఎక్కువ నిరోధం గల రకమే కాబట్టి వాటికి విడిగా రెసిస్టర్లు అక్కర్లేదు. తరువాతి దశల్లో ఏది చెడిందో తెలియక తికమకపడినప్పుడల్లా ఈ అంకెల దగ్గరికే తిరిగి వచ్చాను.

ఈ దశకు 9 గంటలు. మొత్తం: 9 గంటలు, 84 వైర్లు.

రెండవ దశ: పాత హార్నెస్‌ను కుదించడం, విఫలం కావడం

అసలు ఈసీయూనే ఉంచి, అక్కర్లేని వైర్లను తీసేసి, మిగిలినవాటిని కారు పొడవుకు తగ్గట్టు కోయాలన్నది తొలి ఆలోచన. ఆ ఆలోచనలో లోపం లేదు, చేసిన తీరులోనే ఉంది. జర్మన్ కార్లలో గోధుమ రంగు ఎర్త్‌ది అని తెలిసినవాణ్ని కాబట్టి, గోధుమ రంగు కనిపించిన ప్రతి వైరునూ ఒకే ఎర్త్‌గా భావించి, ఏడింటిని టేపు కూడా చుట్టకుండా కోశాను. వాటిలో కొన్ని బాడీకి వెళ్లే ఎర్త్‌లు, కొన్ని సెన్సర్ల నుంచి ఈసీయూ లోపలికే తిరిగి వెళ్లే ఎర్త్‌లు. వాటి మీది సన్నని రంగు గీతలు నూనె మరకల కింద కనిపించలేదు. ఆ ఏడింటినీ మళ్లీ గుర్తుపట్టడానికి 6 గంటలు పట్టింది.

ఇంజన్ మొదటిసారి అందుకుంది, ఒక సెకను తిరిగింది, ఆగిపోయింది. మళ్లీ సెల్ఫ్ కొడితే మళ్లీ ఒక సెకను. పెట్రోల్ అందడం లేదనుకుని రెండు సాయంత్రాలు ఇంధనం మీదే పడ్డాను. గేజ్ 3 బార్ చూపుతూ నిలకడగా ఉంది, ఇంజన్ ఆగిన తరువాత కూడా ఒత్తిడి పడిపోలేదు. అక్కడే నాకు అనుమానం రావలసింది. చివరికి ఇంజక్టర్ కనెక్టరులో చిన్న పరీక్ష దీపం పెట్టి చూస్తే, ఒక సెకను మిణుకుమిణుకుమని వెలిగి, ఇంజన్ ఇంకా తిరుగుతుండగానే ఆరిపోయింది. పెట్రోల్ ఉంది, ఈసీయూయే ఇంజక్టర్లను కట్టేస్తోంది. స్కానర్ పెట్టి చదివితే ఇమ్మొబిలైజర్ (దొంగతనం నిరోధక ఏర్పాటు) కోడ్ కనిపించింది. ఈ ఈసీయూ మీటర్ క్లస్టరుతో మాట్లాడుతుంది, క్లస్టర్ తాళం చెవిలోని చిప్పును గుర్తించి సరేనంటేనే ఇంజన్‌ను నడవనిస్తుంది. నా దగ్గర రెండూ లేవు.

ఇలాంటి పని మొదలుపెట్టేవారు ఇంజన్ కొనేటప్పుడే అదే కారు నుంచి ఈసీయూ, క్లస్టర్, తాళం చెవి, తాళం చుట్టూ ఉండే రీడర్ కాయిల్, పెడల్, కోయని హార్నెస్ కలిపి తీసుకుంటే నా 31 గంటలు వారికి మిగులుతాయి.

ఈ దశకు 31 గంటలు. మొత్తం: 40 గంటలు. పనికొచ్చినది: పట్టిక మాత్రమే.

మూడవ దశ: ఏ ఈసీయూ

మూడు దారులు కనిపించాయి. ఒకటి, జత కుదిరిన క్లస్టర్, తాళం చెవి ఉన్న మరో ఎంఈ7.5 ఈసీయూను సంపాదించడం. చలిలో స్టార్టింగ్, ఐడిల్, నాక్ (ఇంధనం అదుపు తప్పి మండడం) నియంత్రణ, థ్రాటిల్ భద్రత అన్నీ కర్మాగారంలోనే కుదిర్చి ఉంటాయి కాబట్టి, నిజాయితీగా చెప్పాలంటే, పూర్తి సెట్ దొరికి ఉంటే నేను ఇదే ఎంచుకునేవాణ్ని. ఉద్గారాల తనిఖీ ఉన్నచోట కూడా ఇదే తేలిక. అయితే అది వెనుక ఆక్సిజన్ సెన్సర్, ట్యాంకు ఆవిరి వాల్వు, బ్రేక్ స్విచ్, వేగం సంకేతం వంటివాటి కోసం వెదుకుతూనే ఉంటుంది, దొరకకపోతే కోడ్లు వేస్తుంది.

రెండవది స్పీడ్యునో వంటి ఓపెన్ సోర్స్ బోర్డు. ఆర్డుయినో మెగా 2560 మీద నడిచే ఈ బోర్డును నేను ఇంతకుముందు ఒక బైక్ ఇంజన్ మీద వాడాను. అది ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ను స్వయంగా నడపదు కాబట్టి, కేబుల్ థ్రాటిల్, ఐడిల్ వాల్వు అమర్చుకోవాలి. మూడవది ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ను, రెండు నాక్ సెన్సర్లను నేరుగా నడపగల స్టాండలోన్ ఈసీయూ, అంటే ఏ కారుకూ కట్టుబడకుండా విడిగా అమర్చుకునేది.

గుణగణాల పట్టికలు చూసి నిర్ణయించుకోవడం రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ మానేశాను, ఎందుకంటే ఆ పట్టికలన్నీ నాకు అక్కర్లేని వాటి గురించే గొప్పగా చెబుతాయి. దానికి బదులు ఐదు ప్రశ్నలు రాసుకున్నాను:

1. 60-2 పళ్ల (60లో రెండు పళ్లు లేని) క్రాంక్ చక్రాన్ని, వాల్వుల షాఫ్టును చూసే హాల్ (అయస్కాంత) క్యామ్ సెన్సర్‌ను అదనపు పెట్టె లేకుండా చదువుతుందా?
2. స్పార్క్ కాయిళ్లలోనే వాటిని నడిపే ఇగ్నైటర్లు ఉన్న ఈ రకానికి 5 వోల్టుల సంకేతం ఇస్తుందా?
3. థ్రాటిల్, పెడల్ రెండింటిలోనూ రెండేసి ట్రాకులను (స్థానాన్ని చెప్పే సంకేతాలను) పోల్చి చూసి, తేడా వస్తే మోటారును ఆపుతుందా?
4. సెన్సర్ ఎర్త్‌కూ, పవర్ ఎర్త్‌కూ వేర్వేరు పిన్నులు ఉన్నాయా?
5. ట్రిగ్గర్ తరంగాన్ని (క్రాంక్ సెన్సర్ పంపే సంకేతాన్ని) లోపలే రికార్డు చేసి చూపుతుందా?

ఐదవ ప్రశ్న అప్పుడు విలాసంగా అనిపించింది. ఐదవ దశలో నన్ను కాపాడింది అదే. ఐదింటికీ అవునన్న స్టాండలోన్ ఈసీయూ తీసుకున్నాను.

ఈ దశకు 6 గంటలు. మొత్తం: 46 గంటలు.

నాలుగవ దశ: కొత్త హార్నెస్

పాత పట్టికను ముందుపెట్టుకుని కొత్త లెక్క వేస్తే ఈసీయూకు చేరే వైర్లు 50 అయ్యాయి. ఇంజక్టర్లు 4, కాయిళ్లు 4, క్రాంక్ 2, క్యామ్ 3, నాక్ 4, కూలెంట్ 2, మానిఫోల్డ్ ఒత్తిడి, గాలి వేడి కలిపిన సెన్సర్ 4, థ్రాటిల్ 6, పెడల్ 6, బూస్ట్ (టర్బో ఒత్తిడి) వాల్వు 1, రిలేలు 3, టాకోమీటర్ 1, క్యాన్ (పరికరాలు పరస్పరం మాట్లాడుకునే జత వైర్లు) 2, పవర్ 2, ఎర్త్ 3, బ్రేక్, క్లచ్ స్విచ్‌లు 2, వేగం 1. గాలి ప్రవాహం మీటరును వదిలేసి, మానిఫోల్డ్ ఒత్తిడితోనే ఇంధనం లెక్కించేలా పెట్టాను.

సెన్సర్లకు 0.5 చదరపు మి.మీ., ఇంజక్టర్లకు, కాయిళ్లకు 0.75, వాటి ఉమ్మడి ఫీడుకు 2.5 వాడాను. క్రాంక్, నాక్ సెన్సర్లకు షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, షీల్డ్‌ను ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేసి, సెన్సర్ వైపు హీట్ ష్రింక్ కింద మూసేశాను.

క్రింపింగ్ (టెర్మినల్‌ను వైరు కొనకు నొక్కి బిగించడం) దగ్గర ఒక రోజు పోయింది. క్రింప్ చేసిన నమూనాలు పదింటికి ఒక్కొక్కదానికీ 5 కిలోల బరువు వేలాడదీస్తే మూడు ఊడిపోయాయి. లెన్స్ కింద పెట్టి చూస్తే టెర్మినల్ రెక్కలు రాగిని కౌగిలించుకోకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒరిగిపోయి ఉన్నాయి, వాటి పక్కన నాలుగైదు పోగులు తెగి బయటికి నిక్కి కనిపించాయి. టూలు మంచిదే, దానిలోని డై (నొక్కే అచ్చు) ఒక సైజు పెద్దది. చిన్న డై మార్చాక ఇరవై నమూనాల్లో ఒక్కటీ ఊడలేదు. అప్పటికే చేసిన 14 టెర్మినళ్లను కోసేసి మళ్లీ చేశాను. కంటితో చూసి కాదు, బరువు కట్టి చూసి మాత్రమే క్రింప్‌ను నమ్మాలని ఇప్పుడు నా అభిప్రాయం.

ఈ దశకు 38 గంటలు. మొత్తం: 84 గంటలు, 112 మీటర్ల వైరు, 9 ఫ్యూజులు, 4 రిలేలు. కొత్త హార్నెస్ బరువు 3.1 కిలోలు, పాతది 6.8.

ఐదవ దశ: తొలి స్టార్టింగ్, తిరగబడిన క్రాంక్ సెన్సర్

1. ఈసీయూ కనెక్టర్ పెట్టకుండానే ఇగ్నిషన్ వేసి, ప్రతి పిన్ను మీద ఉండవలసిన వోల్టేజీ మాత్రమే ఉందో లేదో చూశాను.
2. క్యాన్ వైర్ల మధ్య నిరోధం కొలిచాను. రెండు కొనలా 120 ఓములు ఉంటే కలిపి 60 చూపాలి, 119 చూపింది. వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచే పరికరం) వైపు రెసిస్టర్ పెట్టడం మరిచిపోయాను.
3. ఇంజక్టర్ల, పెట్రోల్ పంపు ఫ్యూజులు తీసి, ఆయిల్ ఒత్తిడి వచ్చే వరకు సెల్ఫ్ తిప్పాను. ఈసీయూ క్రాంక్‌ను గుర్తించింది.
4. స్పార్క్ టైమింగ్‌ను 10 డిగ్రీల దగ్గర స్థిరంగా కట్టి, ఇంజన్ స్టార్ట్ చేశాను.

ఇంజన్ అందుకుంది, ఆగలేదు. 1,000 ఆర్‌పీఎం దగ్గర టైమింగ్ లైట్ సరిగ్గా 10 డిగ్రీలు చూపింది. 3,500 దగ్గర అదే గుర్తు 4 డిగ్రీలకు జారింది. 4,200 దాటగానే ట్రిగ్గర్ తప్పి ఇంజన్ ఒక్కసారిగా తుమ్మినట్టు ఊగింది. టైమింగ్‌ను కట్టేసినప్పుడు వేగంతో పాటు గుర్తు కదలకూడదు. ఈసీయూలోనే లోపమని తీర్మానించుకుని, మార్చి ఇవ్వమంటూ తయారీదారుకు లేఖ కూడా రాసిపెట్టుకున్నాను. అది పంపకముందు ట్రిగ్గర్ రికార్డు ఒకసారి తీసి చూడడం నా అదృష్టం.

ఈ రకం క్రాంక్ సెన్సర్‌లో పన్ను మధ్యభాగం ఎదురుగా వచ్చిన క్షణంలో తరంగం నిట్టనిలువుగా సున్నాను దాటుతుంది. ఆ దాటు ఏ వేగంలోనైనా అదే చోట ఉంటుంది కాబట్టి ఈసీయూ దాన్నే కొలతగా తీసుకుంటుంది. సెన్సర్ వైర్లు రెండూ తారుమారైతే తరంగం తలకిందులవుతుంది. అప్పుడు ఈసీయూ పట్టుకునేది పళ్ల సందుల్లోని దాటును. మామూలు పళ్ల దగ్గర అది పెద్దగా తెలియదు గాని, రెండు పళ్లు లేని చోట రేఖ దాదాపు చదునుగా సాగి, వేగాన్ని బట్టి, చుట్టూ ఉన్న అలజడిని బట్టి ఒకసారి ముందు, ఒకసారి వెనుక సున్నాను దాటుతుంది. నా రికార్డులో ఆ ఖాళీ దగ్గర గీత సరిగ్గా అలాగే నీరసంగా వాలి ఉంది.

కారణం నా పట్టికలోనే ఉంది. కనెక్టర్‌ను ముందు నుంచి చూపిన బొమ్మను నేను వెనుక నుంచి, అంటే వైర్లు దూర్చే వైపు నుంచి చూసి పిన్నులు వేశాను. రెండు పిన్నులు మార్చడానికి పట్టినది 4 నిమిషాలు. తరువాత 1,000 నుంచి 5,000 వరకు గుర్తు ఒక డిగ్రీకి మించి కదలలేదు. ఆ లేఖను చించేశాను. ఆ రాత్రే అన్ని కనెక్టర్ల బొమ్మల మీదా ఏ వైపు నుంచి చూస్తున్నామో ఎర్ర సిరాతో రాశాను, మరో రెండు చోట్ల అదే తప్పు దొరికింది.

ఈ దశకు 17 గంటలు. మొత్తం: 101 గంటలు.

ఆరవ దశ: ఎలక్ట్రానిక్ థ్రాటిల్

మూసి ఉన్నప్పుడు థ్రాటిల్ ట్రాకులు 0.68, 4.32 వోల్టులు, పూర్తిగా తెరిస్తే 4.25, 0.75. ఎప్పుడు కలిపినా 5.00 రావాలి. పెడల్‌లో రెండవ ట్రాకు మొదటిదానిలో సగం చూపాలి, నాకు 0.74, 0.37 వచ్చాయి. చక్రాలు గాలిలో ఉంచి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా పెడల్, థ్రాటిల్ సంకేత వైర్లను ఒక్కొక్కటిగా పీకి చూశాను. ప్రతిసారీ ఈసీయూ మోటారుకు కరెంటు ఆపింది, స్ప్రింగు పలకను తన విశ్రాంతి స్థానానికి తెచ్చింది. ఈ పరీక్ష పూర్తికాకుండా కారును రోడ్డు మీదికి తీయకూడదు, ఇందులో బేరం లేదు.

రోడ్డు మీద 20 నిమిషాల తరువాత ట్రాకుల మొత్తం 4.83కు పడి కోడ్ వచ్చింది. చల్లారితే మాయమైంది. థ్రాటిల్ కనెక్టర్ వెనుక వైర్లను మెల్లగా లాగి చూస్తే ఒకటి మూడు మి.మీ. వెనక్కి వచ్చింది. పిన్ను పడింది గాని, రెండవ లాక్ నొక్కలేదు.

ఈ దశకు 9 గంటలు. మొత్తం: 110 గంటలు.

ఏడవ దశ: తనంతట తానే ఆగిపోయే ఫ్యాన్

ఫ్యాన్ 96 డిగ్రీల దగ్గర వేసుకుని, 92 దగ్గర ఆగాలి. నా కారులో అది వేసుకున్న మరుక్షణమే ఆగి, రెండు సెకన్ల తరువాత మళ్లీ వేసుకుని, రిలే టకటకమంటూ కొట్టుకుంది. ఈసీయూ రాసుకున్న లాగ్ చూస్తే ఫ్యాన్ వేసుకున్న క్షణంలోనే వేడి 96 నుంచి 90కి పడుతోంది. నీరు అంత త్వరగా చల్లబడదు.

మల్టీమీటర్ ఒక కొనను ఈసీయూ సెన్సర్ ఎర్త్ పిన్ను మీద, మరో కొనను కూలెంట్ సెన్సర్ ఎర్త్ టెర్మినల్ మీద ఉంచాను. ఫ్యాన్ లేనప్పుడు 1 మిల్లీవోల్టు, ఫ్యాన్ తిరుగుతుంటే 58. ఆ వేడి దగ్గర ఈ సెన్సర్‌లో ఒక్కో డిగ్రీకి సుమారు 10 మిల్లీవోల్టుల తేడా వస్తుంది కాబట్టి, 58 అంటే దాదాపు ఆరు డిగ్రీలు. లెక్క సరిగ్గా కుదిరింది.

ఈసీయూ దాకా వెళ్లవలసిన సెన్సర్ ఎర్త్‌ను నేను అడుగున్నర వైరు ఆదా చేయడానికి ఇంజన్ హెడ్ పక్కన బ్రాకెట్‌కు బిగించాను. ఆ బ్రాకెట్ కింద రంగు గీకలేదు, పైగా ఫ్యాన్ ఎర్త్ కూడా అక్కడికే వచ్చింది. చేసిన మార్పులు:

1. సెన్సర్ ఎర్త్‌ను ఈసీయూ పిన్నుకే నేరుగా చేర్చాను.
2. ఫ్యాన్ ఎర్త్‌ను బ్యాటరీ దగ్గరికి మార్చాను.
3. ఇంజన్ బ్లాకు నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి 16 చదరపు మి.మీ. అల్లిక స్ట్రాపులు వేసి, కూర్చునే చోట లోహం మెరిసే వరకు గీకాను.

సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్లాకుకు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య ఇంతకుముందు 0.62 వోల్టులు ఉండేది, ఇప్పుడు 0.04. రెండవ దశలో గోధుమ రంగు వైర్ల దగ్గర చేసిన తప్పునే వేరే వేషంలో మళ్లీ చేశానన్న సంగతి ఇది రాస్తుంటే గాని తట్టలేదు.

ఈ దశకు 8 గంటలు. మొత్తం: 118 గంటలు.

ఎనిమిదవ దశ: పెట్రోల్ పంపు దాకా చేరని వోల్టులు

పూర్తి బూస్ట్‌లో, 4,800 దగ్గర లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ల కొలత, తగ్గే కొద్దీ పెట్రోల్ ఎక్కువ) 0.80 ఉండాలని పెట్టుకుంటే 0.89 వచ్చింది, అంటే మిశ్రమం పలచన. టర్బో ఇంజన్‌కు ఇది ప్రమాదం. ఇంధన పట్టికలో అక్కడ 8 శాతం కలిపాను, 0.82కు వచ్చింది, సరేననుకున్నాను. మర్నాడు అదే రోడ్డు మీద హెడ్‌లైట్లు వేసుకుని వెళితే మళ్లీ 0.87. లైట్లకు, మిశ్రమానికి సంబంధం ఉందంటే అది పట్టిక తప్పు కాదు.

పంపు టెర్మినళ్ల దగ్గర కొలిస్తే 12.0 వోల్టులు, అదే సమయంలో బ్యాటరీ దగ్గర 13.8. పాత కారు నుంచి మిగిలిన 0.75 చదరపు మి.మీ. వైరునే పంపుకు వాడాను. ఆ మందానికి మీటరుకు సుమారు 25 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. 4.5 మీటర్ల దూరం, 11 ఆంపియర్లు అంటే ఆ వైరులోనే 1.2 వోల్టులు హరించుకుపోతాయి. బాడీ ఎర్త్‌లో 0.4, రిలే, ఫ్యూజు కలిపి మిగిలిన 0.2. వోల్టులు తగ్గితే పంపు నెమ్మదిస్తుంది, బూస్ట్ పెరిగే కొద్దీ ఇంజక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టంలో కావలసిన ఒత్తిడిని నిలబెట్టలేదు.

2.5 చదరపు మి.మీ. వైరు, కొత్త రిలే, పంపుకు విడి ఎర్త్ వేశాక పంపు దగ్గర 13.2 వచ్చింది. వెంటనే లాంబ్డా 0.74కు పడింది, ఎందుకంటే నేను కలిపిన 8 శాతం ఇంకా పట్టికలోనే ఉంది. దాన్ని తీసేయగానే 0.80. వైరింగ్ లోపాన్ని ఇంధన పట్టికలో దాచిపెట్టడం ఎంత సులువో నాకు అప్పుడు తెలిసింది. అంతకుముందు చేసిన మరో మూడు చిన్న సవరణలను కూడా తీసేసి, మొదటి నుంచి ట్యూన్ చేశాను.

ఈ దశకు 14 గంటలు. మొత్తం: 132 గంటలు, 118 మీటర్ల వైరు, 9 ఫ్యూజులు, 5 రిలేలు.

నాక్ సెన్సర్లు రెండింటినీ 20 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించాను. మొదటిది శుభ్రంగా వినిపిస్తోంది, రెండవది 5,000 దాటాక గోల పెడుతోంది. దాని కేబుల్ థ్రాటిల్ మోటారు వైర్లను ఆనుకుని పోతోంది కాబట్టి, దారి మార్చి చూసే వరకు టైమింగ్‌ను అనుకున్నదానికంటే 4 డిగ్రీలు వెనక్కే ఉంచాను.